ఎత్తు పట్టాలు: డెల్టా అడుగుతున్న లెక్కల పూర్వాపరాలు

విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో స్తంభాల మీద నడిచే మెట్రో రైలు తొలి దశకు రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. విశాఖలో 46.23 కిలోమీటర్లకు రూ.11,498 కోట్లు, విజయవాడలో 38.4 కిలోమీటర్లకు రూ.11,009 కోట్లు అవుతాయని అంచనా. ఆ రెండు నగరాల నడుమ పరచుకున్న గోదావరి డెల్టాలో ఈ పథకం కింద ఒక్క స్తంభమూ లేవదు. అయినా భీమవరం నుంచి కాకినాడ దాకా ఇది చర్చకు వస్తూనే ఉంది. నష్టం వస్తే ఎవరు భరిస్తారు, దారి ఖరారు చేసే ముందు ఎవరిని అడిగారు అన్న రెండు ప్రశ్నలే ఆ చర్చలో మళ్లీ మళ్లీ వినబడుతున్నాయి.

రైలు ఖర్చును ప్రశ్నించడం ఈ నేలకు కొత్త కాదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్, రైలు మార్గాలకు పోసే సొమ్మును సాగునీటికీ పడవలకూ పనికివచ్చే కాలువల మీద పెడితే దేశానికి ఎక్కువ మేలు జరుగుతుందని ఏళ్ల తరబడి వాదించారు. ఊరూరా ఆయన విగ్రహాలు నిలుపుకున్న మనం ఆ వాదాన్ని మాత్రం తలచుకునేది తక్కువ. ఆయన 1899లో కన్నుమూశారు, మరుసటి సంవత్సరమే హేవలాక్ వంతెన మీదుగా రైలు గోదావరి దాటింది. 1974లో కొవ్వూరు, రాజమహేంద్రవరాల మధ్య కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన వచ్చింది. విశాఖలో ప్రతిపాదించిన ‘డబుల్ డెక్కర్’ కట్టడంలో రోడ్డు కిందికీ రైలు పైకీ మారాయి గానీ, అంతస్తుల వంతెన మనవాళ్లకు వింతేమీ కాదు.

ఇప్పటి అనుమానాలకు అసలు మూలం హైదరాబాదులో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మెట్రో పనిని దక్కించుకున్న మేటాస్ అనే నిర్మాణ సంస్థ నాయకత్వంలోని కూటమి, ప్రభుత్వ సాయం అక్కరలేదు సరికదా, కాంట్రాక్టు కాలంలో తామే ప్రభుత్వానికి రూ.30,311 కోట్లు చెల్లిస్తామని ముందుకు వచ్చింది. టిక్కెట్ల మీద అంత రాబడి ఎక్కడిదన్న సందేహానికి భూముల వాణిజ్య వినియోగమే జవాబు. విలువైన ప్రభుత్వ భూములను ఆ విధంగా అప్పగించడాన్ని తప్పుపడుతూ ఢిల్లీ మెట్రో అధిపతి ఇ.శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాయగా, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పరిశీలించడానికి బదులు ఆయన క్షమాపణ చెప్పాలని పట్టుబట్టింది. 2009 జనవరి 7న సత్యం సాఫ్ట్‌వేర్ సంస్థ లెక్కలు తారుమారయ్యాయని దాని అధిపతి బి.రామలింగరాజు ఒప్పుకున్నారు. మేటాస్ ఆయన కుటుంబానిదే. నిధులు సమకూర్చుకోలేకపోయిన ఆ కూటమి ఒప్పందం అదే ఏడాది జూలైలో రద్దయింది. ఆ కుటుంబానిది భీమవరం ప్రాంతం కావడం వల్ల ఈ వ్యవహారం డెల్టాలో పత్రికల వార్తగా కాక ఊరి సంగతిగానే గుర్తుండిపోయింది.

2010లో పనిని అందుకున్న ఎల్ అండ్ టీ మాత్రం రూ.1,458 కోట్ల ప్రభుత్వ సాయం కోరింది. సుల్తాన్ బజార్ వర్తకులు తమ దుకాణాల మీదుగా పోయే దారిని వ్యతిరేకించారు. 2014లో వచ్చిన తెలంగాణ ప్రభుత్వం కూడా అక్కడా అసెంబ్లీ ఎదుటా మార్గాన్ని మార్చమని కోరినా, చివరికి పాత గీత మీదే స్తంభాలు లేచాయి. 2017 నవంబరులో మొదలైన రైలు 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లకు విస్తరించింది. డెల్టా నుంచి వెళ్లి హైదరాబాదు కూకట్‌పల్లిలో స్థిరపడినవారు దాన్ని మెచ్చుకుంటారు, ఆ మెప్పు న్యాయమైనదే. అయితే 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికీ, సుమారు రూ.13,000 కోట్ల అప్పును తెలంగాణ ప్రభుత్వం తన మీద వేసుకోవడానికీ సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. ప్రభుత్వానికి ఎదురు సొమ్మిస్తుందని 2008లో చెప్పిన పథకం పదిహేడేళ్లకు చేరిన చోటు ఇది.

ఆంధ్రప్రదేశ్ విషయానికి వస్తే, 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలు విశాఖలోనూ, విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతంలోనూ మెట్రో సాధ్యాసాధ్యాలను కేంద్రం పరిశీలించాలని చెప్పింది. కట్టి ఇవ్వాలని చెప్పలేదు. వేదికల మీద ‘పరిశీలన’ కాస్తా ‘హామీ’గా మారిపోవడంతో, ఖర్చంతా కేంద్రానిదేనన్న నమ్మకం జనంలో స్థిరపడింది. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డుల మీదుగా సుమారు 26 కిలోమీటర్లతో విజయవాడ కోసం తొలుత వేసిన ప్రణాళిక ముందుకు సాగలేదు. ఈలోగా 2017 ఆగస్టులో వచ్చిన కేంద్ర మెట్రో విధానం, ఏదో ఒక రూపంలో ప్రైవేటు భాగస్వామ్యం ఉండాలనీ, బస్సుల వంటి చౌక మార్గాలతో పోల్చి చూసిన తరువాతే మెట్రోను ఎంచుకోవాలనీ షరతులు పెట్టింది. ఈ రెండో షరతు ప్రకారం చేసిన పోలికను ప్రజలకు తెలుగులో విడమరచి చెప్పి ఉంటే సగం ప్రశ్నలు పుట్టేవే కావు.

ఈ అనుమానాలు తీరకపోవడానికి, అడగడానికి వేదిక లేకపోవడం మరో కారణం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో మెట్రో రైలు లేదు. కాబట్టి ఓడరేవుకో రసాయన కర్మాగారానికో తప్పనిసరిగా జరిగే బహిరంగ విచారణ, నగరం నడిబొడ్డున లేచే స్తంభాల వరుసకు ఆ నిబంధన కింద అవసరం కాదు. భూమి కోల్పోయేవారికి నోటీసు అందుతుంది. మెట్రో కోసం రాష్ట్రం చేసే అప్పు తీర్చడంలో భాగం పంచుకునే అమలాపురం వాసికి అదీ అందదు.

ఆ అమలాపురం వాసి ఎదురుచూస్తున్న రైలు వేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు ఊడదీసుకుపోయిన కాకినాడ–కోటిపల్లి మార్గం 2004లో తిరిగి నడకకు వచ్చింది. దాన్ని కోనసీమ మీదుగా నరసాపురం దాకా పొడిగించే 57 కిలోమీటర్ల పని 2000–01లో మంజూరైనా నేటికీ సాగుతూనే ఉంది. ఆ మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలను దాటవలసి ఉంది. ఇది రైల్వే శాఖ పద్దు, మెట్రోది వేరే పద్దు అన్నది నిజమే. కానీ ఇందులోనూ రాష్ట్రం తన వాటా చెల్లించవలసి ఉండగా, ఆ వాటా ఆలస్యమైన ప్రతిసారీ పని వెనకబడుతూ వచ్చింది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కేవారికి గౌతమిలో రైలు కోసం లేచిన స్తంభాలు కనబడుతూనే ఉంటాయి.