బంగారు చుక్క మీద చేప మొప్ప కణాలు

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే వందల మంది ఆసుపత్రిలో చేరారు. నీళ్లు, పాలు, రక్తం ల్యాబులకు వెళ్లాయి. మొదట సీసం, నికెల్ అన్నారు. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. ఆ వార్తలు చూస్తున్నప్పుడు నన్ను బాగా టెన్షన్ పెట్టిన విషయం ఒకటుంది. ల్యాబులో చాలా పరీక్షలు మనం పేరు పెట్టి అడిగిన విషాన్నే వెతుకుతాయి. పేరే తెలియకపోతే ఏమని అడగాలి?

పేరు తెలియకపోయినా విషం తగిలితే బతికున్న కణం ఊరుకోదు. ఆ స్పందనను కరెంటుతో కొలవచ్చని చూపించింది ఒక భౌతికశాస్త్రవేత్త. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన ఐవర్ గియేవర్‌కు సూపర్ కండక్టర్ల మీద చేసిన పనికి 1973లో నోబెల్ వచ్చింది. అప్పటికే ఆయన జీవశాస్త్రం వైపు తిరిగారు. 1984లో చార్లెస్ కీస్‌తో కలిసి ఈ పద్ధతిని ప్రచురించారు.

చిన్న గిన్నె అడుగున పావు మిల్లీమీటరు వెడల్పున్న బంగారు చుక్క ఉంటుంది. అదే ఎలక్ట్రోడ్. గిన్నెలో పోషక ద్రవం పోసి, మైక్రోఆంపియర్ స్థాయిలో ఏసీ కరెంటు పంపుతారు. కణాలకు హాని చేయలేనంత తక్కువ కరెంటు అది. చుక్క ఖాళీగా ఉంటే కరెంటు సాఫీగా పోతుంది. కణాలు వేస్తే అవి గుండ్రంగా అడుగుకు దిగి, పెనం మీద అట్టు పిండిలా పరుచుకుంటాయి. కణం పైపొర కొవ్వుతో చేసింది కాబట్టి కరెంటును అడ్డుకుంటుంది. ఇక కరెంటు కణాల కిందుగా, వాటి మధ్య సందుల్లోంచి దారి వెతుక్కోవాలి. ఆ అడ్డు ఎంతన్నది కంప్యూటర్ తెర మీద గీతగా కనిపిస్తుంది.

ఆ గీత ఎప్పుడూ నిలకడగా ఉండదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది అదే. బతికున్న కణాలు కుదురుగా కూర్చోవు, అంచులు కదుపుతూనే ఉంటాయి. మామూలు మైక్రోస్కోపుకు అందని నానోమీటర్ల కదలిక కూడా గీతలో సన్నటి వణుకుగా తెలుస్తుంది. విషం కలిపితే కణాలు ముడుచుకుంటాయి, సందులు తెరుచుకుంటాయి, కరెంటుకు అడ్డు తగ్గిపోతుంది. కణాలు చనిపోతే ఆ వణుకు కూడా ఆగిపోతుంది.

దీన్ని తాగునీటి పరీక్షకు వాడాలని అమెరికా సైన్యం పరిశోధకులు చాలా కష్టపడ్డారు. మన కణాల్లాంటివైతే 37 డిగ్రీల వెచ్చదనం కావాలి, తరచూ ద్రవం మారుస్తుండాలి. వాటిని మోసుకుని ఊళ్లు తిరగడం కుదిరే పని కాదు. అందుకే రెయిన్‌బో ట్రౌట్ అనే చేప మొప్పల నుంచి పెంచిన కణాలను ఎంచుకున్నారు. చల్లని నీటి చేప కావడంతో, దాని కణాలు ఫ్రిజ్‌లో నెలల తరబడి బతికే ఉంటాయి. పైగా మొప్ప అంటేనే చేపకు నీళ్లు నేరుగా తగిలే చోటు. చాలా రసాయనాల విషయంలో గంటలోపే గీత కదులుతుంది.

కానీ అన్నిటికీ కదలదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ప్రధానంగా నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమును దెబ్బతీస్తాయి. మొప్ప కణాల మనుగడ ఆ ఎంజైము మీద ఆధారపడి లేదు కాబట్టి, మనిషిని పడగొట్టే మోతాదులో కూడా అవి మామూలుగానే ఉండొచ్చు. సైన్యం పరిశోధకులు అందుకే ఈ మొప్ప కణాల పరీక్షతో పాటు, ఆ ఎంజైము పనిచేస్తోందో లేదో చూసే విడి పరీక్షను కూడా జత చేశారు. పురుగుమందు అనుమానం ఉన్న ఊళ్లో, ఆ రెండో పరీక్ష చేయకుండా మొప్ప కణాల గీత ఒక్కటే చూసి నీళ్లు తాగమని చెప్పకూడదు.