"పెట్టి చూస్తే పోయేదేముంది?": పాత హోమ్ కంప్యూటర్ల మీద, డెమోసీన్ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న గుంటూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, అటక మీద మా పెదనాన్న కమోడోర్ 64 దొరికింది. ఆయన లండన్‌లో ఉన్నప్పుడు కొన్నదంట. ఒకసారి ప్లగ్ పెట్టి చూశాం. నీలం తెర వచ్చింది, ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. ఐదు నిమిషాలకి నల్లగా అయిపోయింది. మళ్లీ రావట్లేదు." అతని టెన్షన్ వింటే తిట్టబుద్ధి కాలేదు. కానీ ఆ వారంలో నేను ఈ కథ వినడం అది మూడోసారి. మిగతా ఇద్దరూ నేనుండే జర్మనీలోని వాళ్లే. భాష వేరు, కథ మాత్రం అక్షరం పొల్లుపోకుండా అదే.

నేను పగలు వేరే ఉద్యోగం చేస్తాను. సాయంత్రాలు, శని ఆదివారాలు పాత హోమ్ కంప్యూటర్లు బాగుచేస్తాను, పాత ఫ్లాపీల నుంచి, క్యాసెట్ల నుంచి డేటా తీస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎనభైల్లో, తొంభైల్లో ఇక్కడ డెమోలు (కంప్యూటర్ సత్తా చూపించడానికి బొమ్మలు, సంగీతంతో రాసే ప్రోగ్రాములు; వాటిని రాసేవాళ్ల లోకమే డెమోసీన్) రాసిన కుర్రాళ్లు, అంటే ఇప్పుడు యాభై దాటినవాళ్లు, లేకపోతే వాళ్ల ఇంట్లోవాళ్లు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అపోహ: "ఒకసారి పెట్టి చూస్తే పోయేదేముంది?"

మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పెట్టి చూస్తే చాలా పోతుంది.

ముందు కరెంటు సంగతి. కమోడోర్ 64 వచ్చింది 1982లో. దాని పవర్ సప్లై ఇటుకలాగా విడిగా ఉంటుంది. ఒక పక్క 5 వోల్టుల డీసీ, ఇంకో పక్క 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. చాలా మోడళ్లలో ఆ ఇటుక లోపలంతా ఎపాక్సీ పోసి గడ్డకట్టించేశారు. వేడి బయటికి పోదు, విప్పి బాగుచేద్దామన్నా కుదరదు. మామూలు అడాప్టర్ పాడైతే కరెంటు రాదు, అంతే కదా. ఈ ఇటుకలో 5 వోల్టుల రెగ్యులేటర్ పాడైతే మాత్రం వోల్టేజి తగ్గదు, పెరుగుతుంది. ఆ దెబ్బ ముందుగా ర్యామ్ చిప్పులకి తగులుతుంది, ఆ తర్వాత ఎవరి అదృష్టం వాళ్లది. నీలం తెర వచ్చి నల్లబడటం అంటే చాలాసార్లు ఇదే.

"మల్టీమీటర్ పెట్టి చూశానండీ, సరిగ్గా 5 వోల్టులే ఉంది" అంటారు. చల్లగా ఉన్నప్పుడు, లోడ్ లేనప్పుడు ఉంటుంది. వేడెక్కాక ఏమవుతుందో ఆ మీటరు ముందే చెప్పదు. పాత ఇటుకని పక్కన పడేయండి. కమోడోర్ 64 కోసం కొత్తగా తయారైన సప్లైలు దొరుకుతున్నాయి. వోల్టేజి పెరిగితే వెంటనే కట్ చేసే చిన్న రక్షణ పెట్టెలూ ఉన్నాయి. అమెరికా నుంచి తెచ్చిన మెషీన్ అయితే దాని సప్లై 110 వోల్టులదని వేరే చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది, అదే నా బాధ.

అమిగా (కమోడోర్ వాళ్లదే ఇంకో కంప్యూటర్) ఉన్నవాళ్లకి ఇంకో గండం. అమిగా 500 ప్లస్, 2000, 4000 బోర్డుల మీద, మామూలు 500 అడుగున పెట్టే ర్యామ్ కార్డు మీద గడియారం కోసం చిన్న రీఛార్జబుల్ బ్యాటరీ ఉంటుంది. అది కారి, బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. స్విచ్ వేయకముందే మూత తీసి ఆ బ్యాటరీని కత్తిరించేయండి. గడియారం నడవకపోతే ప్రపంచం ఏమీ మునిగిపోదు.

ఇంతకీ మెషీన్ పోతే పోయింది. కమోడోర్ 64లు కోటికి పైగా అమ్ముడయ్యాయి, ఇంకోటి దొరుకుతుంది. డిస్కు పోతే ఇంకోటి దొరకదు. నేను గొంతు చించుకునేది అందుకే.

కొన్నేళ్ల కింద ఒకావిడ షూ డబ్బా నిండా ఫ్లాపీలు తెచ్చారు. ఆవిడ భర్త అంతకుముందు ఏడే పోయారు. కుర్రతనంలో ఆయన అమిగా మీద డెమోలకి సంగీతం చేసేవారట. వాళ్లబ్బాయి మంచివాడే, అమ్మని సంతోషపెడదామని ఒక యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొని, డిస్కులు ఒక్కొక్కటే తన ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. "డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఫార్మాట్ చేయమంటారా?" అని విండోస్ అడిగింది. ఓహో, ఖాళీవి కాబోలు అనుకుని అవునన్నాడు. అలా పదకొండు డిస్కులు అయ్యాక అనుమానమొచ్చి ఆగాడు.

ఆ డిస్కులు ఖాళీవి కావు. అమిగా ఫ్లాపీ మీద రాసే పద్ధతే వేరు. ఒక ట్రాక్ మొత్తాన్ని, 11 సెక్టార్లనీ, మధ్యలో ఖాళీలు వదలకుండా ఒకేసారి రాసేస్తుంది. అందుకే పీసీలో 720 కేబీ పట్టే అదే ఫ్లాపీ మీద అమిగా 880 కేబీ పట్టిస్తుంది. పీసీ డ్రైవ్ కంట్రోలర్ తనకి అలవాటైన గుర్తుల కోసం వెతికి, అవి కనపడక, "ఇక్కడేమీ లేదు" అని చేతులెత్తేస్తుంది. తెలుగు చదవడం రానివాడు తెలుగు పుస్తకం చూసి తెల్లకాగితం అన్నట్టు. ఫార్మాట్ అంటే ఆ పుస్తకం మీద సున్నం వేయడం. దాని కింద అక్షరాలు నేనూ చదవలేను.

మిగిలిన డిస్కుల్ని గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుతో తీశాను. అది డిస్కుని అర్థం చేసుకోవాలని చూడదు. డ్రైవ్‌లో డిస్కుని చదివే తల కింద అయస్కాంతపు మార్పులు ఎప్పుడెప్పుడు వచ్చాయో వాటినే రాసుకుంటుంది, అర్థం తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు. ముప్పైకి పైగా మాడ్యూల్ ఫైళ్లు, అంటే అమిగా పాటల ఫైళ్లు, వచ్చాయి. మాడ్యూల్‌లో ఒక్కో శాంపిల్‌కి (పాటలో వాడే చిన్న శబ్దపు ముక్కకి) పేరు రాసుకోవడానికి 22 అక్షరాల చోటు ఉంటుంది. అక్కడ పేర్లు మానేసి కబుర్లు రాసుకోవడం అప్పటి కుర్రాళ్ల అలవాటు. ఒకదాంట్లో ఆయన వరసగా రాసుకున్నారు: రేపు లెక్కల పరీక్ష, టైం మూడైంది, బాస్ లైన్ ఇంకా కుదరలేదు అని. ఆవిడ అది చదివి పడీ పడీ నవ్వారు. ఫార్మాట్ అయిపోయిన పదకొండిట్లో ఒకదాని లేబుల్ మీద "కొత్తది, ఇంకా పూర్తవలేదు" అని ఉంది.

"నెట్లో అన్నీ ఉన్నాయిగా" అనేవాళ్లకి నా జవాబు ఆ లేబులే. విడుదలైన డెమోలు ఎప్పుడో కాపీ అయి ఆర్కైవుల్లో భద్రంగా ఉన్నాయి. పూర్తి కాని పాట, సోర్స్ కోడ్, సగం గీసిన బొమ్మ, స్నేహితుడికి డిస్కులోనే రాసిన ఉత్తరం, ఇవి మాత్రం ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క షూ డబ్బాలోనే ఉంటాయి.

కాబట్టి ముట్టుకునే ముందు: మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూల ఉన్న చిన్న తలుపు జరిపి రంధ్రం తెరవండి, అప్పుడు దాని మీద ఎవరూ రాయలేరు. ఐదుంపావు అంగుళాల దానికి సరిగ్గా దీనికి ఉల్టా: పక్కనున్న గాటుని మూసేయాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండు పక్కలా గాటు ఉంటే ఎలక కొరికింది కాదు, రెండో వైపు కూడా వాడుకోవడానికి పిల్లలు కత్తిరించుకున్నది. రెండు వైపులా చదివించాలి. డిస్కు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే బూజు. దాన్ని అలాగే డ్రైవ్‌లో తోస్తే డ్రైవ్ తల డిస్కు మీది అయస్కాంతపు పొరని గీకి పారేస్తుంది, తర్వాత పెట్టే మంచి డిస్కుని కూడా పాడుచేస్తుంది.

ఇంత చెప్తున్న నేను మాత్రం ఏం ఉద్ధరించాను? మాది రాజంపేట వైపు. మా నాన్న కువైట్‌లో పనిచేసేవారు. 1988లో సెలవులకి వస్తూ సఖ్ర్ కంప్యూటర్ తెచ్చారు. కువైట్‌లో అల్ ఆలమియా కంపెనీ అమ్మిన ఎంఎస్ఎక్స్ రకం హోమ్ కంప్యూటర్ అది. ప్రతి కీ మీద ఇంగ్లీషు అక్షరం పక్కనే అరబ్బీ అక్షరం. నాకు పదకొండేళ్లు. టీవీకి తగిలించి, బేసిక్‌లో ఒక చిచ్చుబుడ్డి గీశాను. రవ్వలు కింద నుంచి లేచి, రంగు మారి, రెండు పక్కలకీ రాలి పడతాయి. ప్లే కమాండ్‌తో ఏదో చప్పుడు కూడా పెట్టాను. అదే సమయంలో ఇక్కడ నా వయసు పిల్లలు అలాంటి పనినే "డెమో" అంటున్నారని నాకేం తెలుసు? ఊళ్లో చూసినవాళ్లు "గేమ్ ఏది?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. ప్రోగ్రామ్‌ని ఒక క్యాసెట్‌లో దాచాను. ఒక వైపు సినిమా పాటలు, రెండో వైపు చిచ్చుబుడ్డి.

2013లో ఇంటికెళ్లినప్పుడు ఆ క్యాసెట్ కనిపించింది. పక్కనే నాన్న టూ-ఇన్-వన్. ఇంకేముంది, "పెట్టి చూస్తే పోయేదేముంది" అనుకున్నాను, నేనే. లోపలి రబ్బరు రోలర్ పాతబడి జిగురుగా మారి ఉంది. టేపుని లాక్కుని నమిలేసింది. నలిగిన టేపుని చేత్తో సాపు చేసి, వేరే డెక్‌లో ఎక్కించి, వచ్చినంత రాబట్టాను. సగం ప్రోగ్రామ్ వచ్చింది. రవ్వలు పైకి లేస్తాయి. కింద పడే భాగం టేపు మీద లేదు.

క్యాసెట్లకి సంబంధించి ఇంకొక్క మాట. రికార్డ్ చేసేటప్పుడు వేవ్ ఫైలుగా చేయండి. పాటల క్యాసెట్ అనుకుని నాయిస్ తీసేయకండి, ఎంపీ3 చేయకండి. మన చెవికి గోల అనిపించేదే అక్కడ డేటా.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: డెమో అంటే వీడియో.
కాదు, ప్రోగ్రామ్. మీరు చూస్తున్న క్షణంలోనే మెషీన్ లెక్కవేసి గీస్తోంది. 4కే ఇంట్రో అనే చిన్న డెమో అంటే బొమ్మ, సంగీతం, కోడ్ అన్నీ కలిపి 4096 బైట్లు. దాని వీడియో రికార్డింగ్ మాత్రం అంతకి వేల రెట్లు ఉంటుంది. 2004లో .క్రీగర్ అనే త్రీడీ షూటింగ్ గేమ్ మొత్తాన్ని 96 కేబీలో ఇరికించారు. ఇప్పుడు ఫోన్లో తీసే ఫొటో ఒక్కటి దానికంటే ఎన్నో రెట్లు పెద్దది.

అపోహ: డెమోసీన్ అంటే పైరసీ ముఠా.
పుట్టుక అక్కడే, దాచాల్సిన పనిలేదు. గేముల కాపీ రక్షణ పగలగొట్టిన కుర్రాళ్లు గేము మొదలయ్యే ముందు తమ పేర్లు తిరిగే చిన్న ఇంట్రో తగిలించేవాళ్లు. ఆ ఇంట్రోలు గేముల నుంచి విడిపోయి డెమోలయ్యాయి. డిస్కులు పోస్టులో తిరిగేవి. స్టాంపుల మీద జిగురు పూసి, ముద్ర కడిగేసి మళ్లీ వాడుకునేవాళ్లు, అదీ నిజమే. ఇప్పుడు అదే డెమోసీన్‌ని ఫిన్లాండ్ 2020లో, జర్మనీ, పోలండ్ 2021లో తమ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చుకున్నాయి. ఏటా ఈస్టర్‌కి జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో జరిగే రివిజన్ అనే డెమోసీన్ సమ్మేళనానికి వస్తే, ఆ ముఠాలో సగంమంది పిల్లల్ని స్ట్రోలర్లో తోసుకుంటూ కనిపిస్తారు.

అపోహ: "యూరప్ డెమో వేస్తే తెర అంతా చెల్లాచెదురు, మా మెషీన్ పోయినట్టుంది."
అమెరికా నుంచి అన్నయ్యలు పంపిన కమోడోర్లకి ఈ ఫిర్యాదు. మెషీన్‌కి ఏమీ కాలేదు. యూరప్ టీవీ పద్ధతి పేరు పాల్. పాల్ మెషీన్ తెర మీద 312 గీతలు గీస్తుంది, గీతకి 63 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు). అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ మెషీన్‌కి గీతలు 263, గీతకి 65 సైకిళ్లు. ఆ డెమోలు రాసినవాళ్లు సైకిళ్లు లెక్కపెట్టి రాశారు. తెర అంచున ఉండే బోర్డర్‌ని తెరిచే కిటుకు చూడండి. ఎలక్ట్రాన్ పుంజం ఫలానా గీత మీదికి రాగానే తెరని 25 అక్షరాల వరసల నుంచి 24 వరసలకి మార్చాలి. అప్పటికే బోర్డర్ మొదలుపెట్టాల్సిన గీతని వీడియో చిప్పు దాటిపోయి, ఆ ఫ్రేముకి అసలు మొదలే పెట్టదు. గీతల లెక్క, సైకిళ్ల లెక్క మారితే ఇలా లెక్కపెట్టి రాసిన కిటుకులు చాలా తప్పుతాయి.

అపోహ: ప్లాస్టిక్ పసుపెక్కితే పాతబడి పాడైనట్టు.
కాదు. పెరాక్సైడ్ పూసి తెల్లగా చేస్తారు, కొన్నాళ్లకి మళ్లీ పసుపెక్కుతుంది. వదిలేయండి.

అపోహ: అమ్మితే లక్షలొస్తాయి.
రావు.

గుంటూరు కుర్రాడు నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. దగ్గర్లో ఒక పెద్దాయన, టీవీ మెకానిక్, రెండు ర్యామ్ చిప్పులు పోయాయని తేల్చారట. అవి దొరికేవే, మార్చుకోవచ్చు. ఇంకో డబ్బాలో పెదనాన్నవి ఏడు క్యాసెట్లు ఉన్నాయన్నాడు. "పెట్టి చూడలేదన్నా, ఒట్టు" అన్నాడు నేను అడగకముందే. ఒకదాని మీద పెన్సిల్‌తో "పాటలు" అని ఉందట. రెండో వైపు ఏమీ రాసి లేదట. రోలర్ శుభ్రంగా ఉన్న డెక్ దొరికేదాకా ఆగి, రెండు వైపులా రికార్డ్ చేయమన్నాను.