చట్టంలో పేరు లేని చెట్టు

చిన్నప్పుడు మా బ్యాట్ తాటిమట్ట. కొన్నాళ్ళకి వడ్రంగిని బతిమాలి మామిడి చెక్కతో ఒకటి చేయించుకున్నాం. బంతి తగిలిన ప్రతిసారీ మణికట్టు దాకా జివ్వుమనేది. చాలా ఏళ్ళ తర్వాత విల్లో అనే చెట్టు చెక్కతో చేసిన క్రికెట్ బ్యాట్ చేతిలోకి తీసుకున్నప్పుడు గానీ ఆ చెక్కలో ఏముందో అర్థం కాలేదు. అంత లావుగా ఉండి ఇంత తేలికా అనిపించింది.

ఇప్పుడు పిల్లాణ్ణి అకాడమీలో చేర్చిన తల్లిదండ్రులకు ఆ చెక్కే పెద్ద టెన్షన్. మేలురకం ఇంగ్లిష్ విల్లో బ్యాట్ పాతికవేలు దాటిపోతోంది. కశ్మీర్ విల్లో చౌకే గానీ అక్కడ చెట్లే తగ్గిపోతున్నాయి. వేరే చెక్కతో చేసుకోకూడదా అంటే, క్రికెట్ చట్టంలో విల్లో అన్న మాటే లేదు. బ్లేడు, అంటే బంతిని కొట్టే వెడల్పు భాగం, పూర్తిగా చెక్కతోనే ఉండాలని మాత్రమే ఉంది. అయినా ఆట మొత్తం ఒక్క చెట్టు చేతిలోకి ఎలా వెళ్ళిందో తెలియాలంటే ఇంగ్లండ్ నుంచే మొదలుపెట్టాలి.

మొదట్లో బంతిని నేలమీద దొర్లించేవారు. అందుకే బ్యాట్ హాకీ కర్రలా కింద వంగి ఉండేది. 18వ శతాబ్దం రెండో సగంలో బౌలర్లు బంతిని గాలిలో వేసి నేలమీద పడి లేచేలా చేయడం నేర్చాక బ్యాట్ కూడా తిన్నగా మారింది. 1771 సెప్టెంబరులో హాంబుల్డన్ జట్టు మీద ఆడటానికి థామస్ వైట్ అనే ఆయన వికెట్లంత వెడల్పు బ్యాట్‌తో వచ్చాడు. దాంతో వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదని నిర్ణయించారు. ఆ కొలత నేటికీ మారలేదు. పొడవు 38 అంగుళాలకు మించకూడదన్నది 1835 నాటి మాట.

అప్పటికి బ్యాట్ అంతా ఒకే చెక్క. దెబ్బ అదురు నేరుగా చేతికి ఎక్కేది. 19వ శతాబ్దంలో హ్యాండిల్‌ని విడిగా చేసి బ్లేడులో బిగించడం వచ్చింది. 1850ల నుంచి ఆ హ్యాండిల్‌కి పేము బెత్తాలు వాడసాగారు. నా లెక్కన బ్యాట్ చరిత్రలో అతిపెద్ద మార్పు ఇదే. ఆ రోజుల్లో బ్లేడుని మాను లోపలి చేవతో చేసేవారు. నల్లగా, బరువుగా ఉండేది. 1890ల ప్రాంతంలో చేవ చుట్టూ ఉండే తెల్లని చెక్కకు మారారు. మనకు తెలిసిన తెల్లబ్యాట్ అప్పుడు పుట్టింది.

విల్లోనే ఎందుకంటే, దాని నార మెత్తన, బరువు తక్కువ, దెబ్బకు పేడులుగా లేవదు. మర మీద గట్టిగా నొక్కితే పైపొర బిగుసుకుంటుంది, లోపలి చెక్క స్పంజిలాగే ఉండిపోతుంది. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న చెక్క అరుదు. ఇందులోనూ 'సాలిక్స్ ఆల్బా సెరూలియా' అనే రకానికే గిరాకీ. ఎసెక్స్, సఫోక్ ప్రాంతాల తడినేలల్లో నాటి, పక్కకొమ్మలు రాకుండా గిల్లుతూ పదిహేను, ఇరవై ఏళ్ళు పెంచాలి. మన మీరట్ కంపెనీలు కూడా పెద్ద ఆటగాళ్ళ బ్యాట్లకు ఆ చెట్టు చెక్క దిమ్మలనే దిగుమతి చేసుకుంటాయి.

కశ్మీర్‌లో బ్రిటిష్ వాళ్ళ కాలంలో విల్లోని వంటచెరకు కోసం నాటించారని చెబుతారు. బ్యాట్ల పని తర్వాత మొదలైంది. దేశవిభజనప్పుడు, పాకిస్తాన్‌లోకి పోయిన సియాల్‌కోట్ నుంచి బ్యాట్ల పనివాళ్ళు కొందరు జలంధర్, మీరట్ చేరారు. వాళ్ళకు కశ్మీర్ చెక్క ఆధారమైంది. సంగం, హల్ముల్లా, బిజ్‌బెహరా మీదుగా జమ్ము రోడ్డున వెళ్తే ఇరువైపులా ఎండబెట్టిన దిమ్మల గుట్టలే. దిమ్మలు బయటికి పోతే స్థానికులకు పని పోతుందని 2000లో రాష్ట్రం వాటి తరలింపును నిషేధించింది. కానీ రైతుకి త్వరగా డబ్బు తెచ్చే పాప్లర్ చెట్టు ముందు విల్లో నిలవలేకపోతోంది. నరికినంత వేగంగా ఎవరూ నాటడం లేదు.

విల్లోకి బదులు వెతికినవాళ్ళు లేకపోలేదు. 1979 డిసెంబరులో పెర్త్‌లో ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగాడు. బంతి పాడవుతోందని ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రేర్లీ అభ్యంతరం చెప్పడంతో అంపైర్లు ఆపించారు. లిల్లీ కోపంతో దాన్ని విసిరేశాడు. ఆ విసురు అందరికీ గుర్తుంది. ఆ బ్యాట్ అసలు బడులకూ, పేద దేశాలకూ చౌకగా అందాలన్న ఆలోచనతో తయారైందన్న సంగతి మాత్రం మరుగున పడింది. ఆ తర్వాతే బ్లేడు చెక్కదే కావాలని చట్టంలో రాశారు. రికీ పాంటింగ్ వాడిన, వెనక గ్రాఫైట్ పట్టీ అంటించిన బ్యాట్‌ని 2006లో పక్కన పెట్టించారు. మరోపక్క విల్లోని బాగా ఆరబెట్టి బ్యాట్లను లావుగా చేసేయడంతో, 2017లో అంచు 40, మందం 67 మిల్లీమీటర్లు మించకూడదన్నారు.

2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు వెదురు ముక్కలు అతికించి బ్యాట్ చేశారు. విల్లో కన్నా గట్టిగా ఉందనీ, చౌకగా చేయొచ్చనీ అన్నారు. వెదురు గడ్డిజాతి, చెక్క కాదు కాబట్టి చెల్లదంది క్రికెట్ చట్టాలు రాసే లండన్ క్లబ్బు ఎంసీసీ. టెస్టుల్లో ఆ పట్టుదల నాకు సబబుగానే తోస్తుంది. అక్కడ బంతికీ బ్యాట్‌కీ తూకం చెడకూడదు. బడి పిల్లల ఆటలో ఆ పట్టుదల ఎందుకు? బిజ్‌బెహరా దగ్గర ఈ ఏడాది నాటిన మొక్క బ్యాట్‌కి పనికొచ్చేసరికి ఇవాళ పుట్టిన పిల్లాడు ఇంటర్‌లో ఉంటాడు. అప్పటిదాకా వాడు దేనితో ఆడాలి?