అమెరికన్ ఫుట్‌బాల్ విసరడం: అపోహలు - వాస్తవాలు

డల్లాస్ శివార్లలో పిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ప్రత్యర్థిని పడగొట్టకుండా, నడుముకు వేలాడే పట్టీని లాగి ఆపే అమెరికన్ ఫుట్‌బాల్) నేర్పే శిక్షకుడిగా నేను తరచుగా సరిదిద్దాల్సి వచ్చేది పిల్లల చేతులను కాదు, పక్కన నిలబడి వారికి సలహాలిచ్చే పెద్దల నమ్మకాలను. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు ఐదుగురేసి ఆడే ఈ ఆట కూడా చేరడంతో మన తెలుగు తల్లిదండ్రులు దీనిపై మరింత ఆసక్తి చూపుతున్నారు కనుక, తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: మణికట్టును మెలితిప్పితేనే బంతి స్పైరల్‌గా (రెండు కొనల మధ్య గీత చుట్టూ బొంగరంలా) తిరుగుతుంది.

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. కుడిచేతి వాటం వారు సరిగా విసిరిన బంతిని వెనుక నుంచి చూస్తే అది గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరుగుతూ వెళుతుంది. అందువల్ల చేతిని కూడా అదే దిశలో, బొటనవేలు పైకి వచ్చేలా తిప్పాలని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి చెయ్యి తిరిగేది బంతికి ఎదురు దిశలో. బంతి వదులుతూనే ముంజేయి లోపలికి మళ్లి, అరచేయి బయటి వైపు చూస్తుండగా బొటనవేలు నేల వైపుకు దిగి, చెయ్యి ఎడమ తొడ దగ్గర ఆగుతుంది. మరి బంతిని తిప్పేది ఏమిటంటే వేళ్లు. అవి బంతి పక్క భాగాన్ని కిందికి లాగుతూ ఒకదాని తర్వాత ఒకటి జారిపోతాయి, అన్నింటికంటే చివర వదిలేది చూపుడు వేలు. విసిరిన తర్వాత పిల్లవాడి చెయ్యి ఎక్కడ ఆగిందో చూడండి. అరచేయి ఆకాశం వైపు తిరిగి ఉంటే, బంతి గాలిలో ఊగిందో లేదో చూడకుండానే చెప్పవచ్చు. పైగా ఆ మెలి మోచేతికీ మంచిది కాదు.

ఈ తిరుగుడు అందం కోసం కాదు. తిరగని బంతిని ఎదురుగాలి పల్టీలు కొట్టిస్తుంది. తిరిగే బంతిపై అదే గాలి పనిచేసినప్పుడు దాని ముక్కు (ముందు కొన) పైకి లేవకుండా పక్కకు జరిగి, తన మార్గం చుట్టూ సన్నని వలయంలో తిరుగుతూ, బంతి దిగే కొద్దీ తానూ వంగుతుంది. గురుత్వాకర్షణ ముక్కును కిందికి లాగుతుందని చాలామంది అనుకుంటారు కానీ, అది బంతి మొత్తాన్ని లాగుతుందే తప్ప ముక్కును తిప్పలేదు. తిమోతీ గే, రిచర్డ్ ప్రైస్, విలియం మాస్ అనే భౌతికశాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన వ్యాసంలో ఈ చిక్కుముడినే విప్పారు. కుడిచేతి వాటం వారి పొడవైన పాస్ (సహచరునికి విసిరిన బంతి) కొద్దిగా కుడికి జరగడానికీ కారణం ఇదే.

అపోహ: చేతిలో బలం ఉంటే చాలు.

కుడి మోకాలిని నేలకు ఆనించి విసరమనండి, తర్వాత నిలబడి విసరమనండి. రెండు దూరాల మధ్య తేడాయే దీనికి సమాధానం. వెనుక కాలు నేలను తన్నుతుంది, ముందు కాలు చిన్న అడుగుతో లక్ష్యానికి కాస్త ఎడమగా దిగుతుంది, తుంటి ముందుగా తిరుగుతుంది, దాని వెనుక ఛాతీ, ఆ తర్వాతే భుజం, మోచేయి కదులుతాయి. ఛాతీ తిరగకముందే చెయ్యి పరుగెత్తితే భారమంతా భుజం మీదే పడుతుంది. ఎడమ చేతిని గాలికి వదిలేయకుండా పక్కటెముకల దగ్గరకు ముడుచుకోవాలన్న సంగతిని చాలామంది పట్టించుకోరు, కానీ శరీరం పక్కకు ఒరిగిపోకుండా ఆపేది అదే.

అపోహ: క్రికెట్‌లో బౌండరీ నుంచి విసిరేవారికి ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు.

ఇది సగం నిజం. పక్కకు తిరిగి నిలబడటం, మోచేతిని భుజం ఎత్తున ఉంచడం రెండు ఆటలకూ ఉమ్మడివే. అయితే క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములైతే, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) బంతి 14 నుంచి 15 ఔన్సులు, అంటే సుమారు 400 గ్రాములు ఉంటుంది. అంత బరువుతో చేతిని కిందికి, వెనుకకు పెద్ద వలయంగా తిప్పి తెస్తే మోచేయి ఆలస్యమై భుజం కంటే కిందికి జారుతుంది, బంతి రిసీవర్ (దాన్ని అందుకోవాల్సిన ఆటగాడు) తల మీదుగా వెళ్లిపోతుంది. ప్రత్యర్థి మీదికి వస్తుండగా అంత సమయమూ ఉండదు. బంతిని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, అక్కడి నుంచి నేరుగా చెవి పక్కకు లేపడమే పద్ధతి.

అపోహ: పెద్ద చెయ్యి ఉండాలి, లేసులు (బంతి మీది కుట్టు తాళ్లు) ఒకే విధంగా పట్టాలి.

జో బరో చెయ్యి కొలత 9 అంగుళాలే. క్వార్టర్‌బ్యాక్‌కు (జట్టులో ప్రధానంగా బంతి విసిరే ఆటగాడికి) అది చిన్నదని అన్నప్పటికీ, 2020 డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమంలో) సిన్సినాటి బెంగాల్స్ జట్టు అతనినే మొట్టమొదట ఎంచుకుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు లేసుల మీద, చూపుడు వేలు బంతి వెనుక కొన వైపు ఉండటం సాధారణ పద్ధతి. నాలుగు సూపర్ బౌల్స్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్) గెలిచిన క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా మాత్రం చూపుడు వేలిని ఏకంగా బంతి కొనపైనే ఉంచేవాడు. ఎవరి పట్టు వారిది కావచ్చు కానీ, బంతికీ అరచేతికీ మధ్య కాస్త వెలుతురు కనబడాలి. అరచేతిలో కుక్కుకున్న బంతి వేళ్ల మీదుగా జారదు.

ఇక్కడే మరొక మాట. ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్ద చొక్కా కొన్నట్టు బంతిని కొనకండి. సుమారు 6 నుంచి 9 ఏళ్ల వారికి, 9 నుంచి 12, 12 నుంచి 14 ఏళ్ల వారికి వేర్వేరు సైజులున్నాయి. చేతికి పట్టని బంతితో పిల్లవాడు విసరడం మానేసి భుజంతో తోయడం నేర్చుకుంటాడు, ఆ అలవాటును తర్వాత మాన్పించడం చాలా కష్టం.

అపోహ: ఎంత దూరం విసిరితే అంత మంచి సాధన.

ఆటలో ఎక్కువ పాసులు చిన్నవే, అదీ పరుగెడుతున్న రిసీవర్‌కు, అతను చేరబోయే చోటుకు విసిరేవి. పది, పదిహేను గజాల దూరంలో భాగస్వామి ఛాతీ ఎత్తున బంతి దిగేలా విసురుతూ, కొన్ని బంతుల మీద ఉండే తెల్ల చారలను గమనించమనండి. చుట్టు సరిగా ఉంటే అవి కదలని ఉంగరంలా కనబడతాయి, బంతి ఊగితే చెదిరిపోతాయి. ఆ ఉంగరం వరుసగా నిలబడటం మొదలయ్యాక ఐదేసి గజాలు వెనక్కి జరగవచ్చు. మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైతే మాత్రం ఆ రోజుకు బంతిని సంచిలో పెట్టేయాలి, నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.