కొత్త సీల్ వేసినా ఎందుకు కారుతోంది?

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా తాతగారి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ గేర్‌బాక్స్ విప్పించి సీళ్లన్నీ కొత్తవి వేయించాం. వెనక సీల్ అయితే రెండుసార్లు మార్చాం. అయినా ఆయిల్ కారుతూనే ఉంది. దిష్టి తగిలిందంటున్నారు ఇంట్లో."

నిమ్మకాయలు కట్టుకోండి, విశ్వకర్మ పూజా చేసుకోండి, తప్పులేదు. కానీ ముందు ఆ వెనక ఫ్లాంజి, అంటే గేర్‌బాక్స్ వెనక షాఫ్టుకు బిగించే పళ్లెం లాంటి ముక్క, పట్టుకుని బరంపురం రమ్మన్నాను.

స్పిట్‌ఫైర్ 1962లో వచ్చిన చిన్న స్పోర్ట్స్ కారు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు దగ్గర చుట్టమే కాబట్టి పాత మిస్త్రీలకు దీని గేర్‌బాక్స్ కొత్త కాదు. సీట్లు, మధ్య కవరు తీసేసి కారు లోపలి నుంచే దాన్ని పైకి ఎత్తాలి. అంత పని రెండుసార్లు చేశాక కూడా కారితే ఎవరికైనా టెన్షనే.

ఆయిల్ సీల్ అంటే షాఫ్టును బిగించి పట్టుకునే రబ్బరు బిరడా అనుకుంటాం. నిజంగా బిరడాయే అయితే కాసేపట్లో మాడిపోవాలి. సీల్ ఆనే ఫ్లాంజి మెడ వ్యాసం 30 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 4,000 చుట్లు అనుకోండి. సీల్ లోపలి అంచు, అంటే రబ్బరు పెదవి కింద ఉక్కు గంటకు 22 కిలోమీటర్లకు పైగా వేగంతో జారుతుంది. అయినా మాడదు. పెదవికీ ఉక్కుకీ మధ్య పల్చటి నూనె పొర ఉంటుందని 1957లో జాగర్ అనే పరిశోధకుడు చూపించాడు. దాని మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ.

మరి పొర ఉన్నప్పుడు నూనె బయటికి ఎందుకు రాదు? నాకు ప్రాణమైన సంగతి ఇదే.

కళ్లంలో ధాన్యం లాగే పలకను గుర్తు తెచ్చుకోండి. తిన్నగా పట్టి లాగితే గింజలు పలకతోపాటే వస్తాయి. కాస్త ఏటవాలుగా పడితే పలక వెంబడి పక్కకు జారతాయి. సీల్ పెదవి మీద కంటికి కనిపించని గట్లు బోలెడు ఉంటాయి. షాఫ్టు తిరుగుతూ వాటిని లాగుతుంది. పెదవి బాగా నొక్కుకున్న చోట గట్టు ఎక్కువ సాగుతుంది, అంచుల్లో తక్కువ. అలా ప్రతి గట్టూ బాణం మొనలా వంగి, రెండు ఏటవాలు పలకలవుతుంది. ఒక పలక నూనెను లోపలికి తోస్తుంది, ఇంకోటి బయటికి. రెండూ సమానమైతే లాభం లేదు. అందుకే పెదవిని నూనె వైపు నిటారుగా, గాలి వైపు వాలుగా చెక్కుతారు. దాంతో మొన నూనె వైపుకు జరుగుతుంది, లోపలికి తోసే పలక పొడవవుతుంది. కళ్లంలో ఇద్దరు ఎదురెదురుగా తోస్తుంటే పెద్ద పలక ఉన్నవాడిదే పైచేయి కదా! ఈ తోపులాటంతా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని పట్టీలో జరుగుతుంది. రివర్స్ గేరులో గట్లు రెండో దిక్కుకు వంగుతాయి, పొడవు పలక మాత్రం మారదు. కాబట్టి అప్పుడూ నూనె లోపలికే. సీల్ తిరగేసి కొడితే అదే పంపు బయటికి తోడుతుంది. పెదవిని చుట్టి ఉండే స్ప్రింగ్ గురించి "స్ప్రింగ్ ఆయిల్ వైపు" అని మిస్త్రీలు పోరేది ఇందుకే.

బడిలో ఘర్షణ పాఠం అంటే చెక్క దిమ్మెను బల్ల మీద లాగించి ముగించేస్తాం. పాత సీల్ ఒకటి పిల్లల చేతికిస్తే ఎంత బాగుంటుందో!

ఈ సీల్‌ను సరిగ్గానే బిగించారు. ఫ్లాంజి మెడ అద్దంలా మెరుస్తోంది. నా అనుమానం అక్కడే మొదలైంది. పాత సీల్ ఆ మెడ మీద గాడి పెట్టిందట. మెత్తటి రబ్బరు ఉక్కును అరగదీస్తుందా అంటే, రబ్బరులో ఇరుక్కున్న దుమ్ము అరగదీస్తుంది. ఆ గాడి పోగొట్టడానికి ఏదో లేత్ షాపులో ఫ్లాంజి తిప్పుతూ ఎమరీ (గరుకు) కాగితాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు జరిపారు. గీతలు మరచుట్టులా పడ్డాయి.

మా వీధి లేత్ మీద దాన్ని బిగించి, మెడకు నూనె రాసి, నేతవాళ్ల ఇంటి నుంచి తెచ్చిన పట్టుదారానికి చిన్న నట్టు కట్టి మెడ మీదుగా వేలాడదీశాం. గీతలు మరచుట్టులా ఉంటే దారాన్ని పక్కకు నడిపిస్తాయి. లేత్‌ను నిమిషానికి 60 చుట్ల మీద తిప్పారు. దారం వణికింది, మెల్లగా పక్కకు కదిలింది. "నడుస్తోంది బాబూ!" అన్నారు టర్నర్. దిక్కు మార్చి తిప్పితే వెనక్కి నడిచింది. సీల్ గట్లలా ఈ గీతలు వంగి సర్దుకోవు. కారు ముందుకు పోయినంతసేపూ నూనెను బయటికే తోస్తాయి.

ఆయిల్ గురించి కూడా అడిగారు. జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయకండి. అందులో ఎక్కువ మోతాదులో ఉండే గంధకం, భాస్వరం రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినగలవు. జీఎల్-4 వాడండి.

గ్రైండింగ్ రాయిని పక్కకు జరపకుండా నేరుగా లోపలికి ఆనించి మెడ మీద పల్చటి పొర తీయించాం. కొత్త సీల్‌ను పాత గాడికి రెండు మిల్లీమీటర్లు పక్కగా కూర్చోబెట్టమన్నాను. వెళ్లే ముందు దారం మళ్లీ వేశాం. ఈసారి అటూ ఇటూ తిప్పినా ఉన్నచోటే ఉండిపోయింది.