భరణం బకాయి: జైలుకు వెళ్లినా తీరని అప్పు

భార్యకు నెలనెలా భరణం ఇవ్వాలని కోర్టు ఆదేశించిన తరువాత భర్త ఇవ్వకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు మన చట్టం చెప్పే సమాధానం, బ్రిటిష్ పాలకులు క్రిమినల్ విచారణ పద్ధతిని క్రోడీకరించిన కాలం నుంచి నేటి వరకూ పెద్దగా మారలేదు. 1872 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను రూపొందించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, ఈ నిబంధన నిరాశ్రయతను, కనీసం దాని పర్యవసానాలను నివారించడానికి ఉద్దేశించినదని స్పష్టంగానే చెప్పాడు. దంపతుల హక్కులను తేల్చడం దీని పని కాదు. పోషించగల స్తోమత ఉండి కూడా ఒకడు తన భార్యాబిడ్డలను వీధిన పడేస్తే, వారు ఆకలితో అల్లాడకుండా చూడటమే దీని పని. అందుకే అధికారాన్ని సివిల్ కోర్టుకు కాకుండా మేజిస్ట్రేటుకు అప్పగించారు. విచారణ క్లుప్తంగా సాగాలని, వసూలు జరిమానాను రాబట్టినట్టు సాగాలని నిర్దేశించారు. వేగం కోసం చేసిన ఈ ఏర్పాటులోనే దాని బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి.

1898 కోడ్‌లో ఇదే సెక్షన్ 488 అయింది. నెలకు 50 రూపాయలకు మించి ఇప్పించే వీలు అప్పట్లో లేదు. ఆ పరిమితి 1923లో 100కు, 1955లో 500కు పెరిగింది. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లో సెక్షన్ 125గా మారినప్పుడు కూడా ఆ 500 రూపాయలు అలాగే నిలిచాయి. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా పార్లమెంటు ఆ పరిమితిని పూర్తిగా తొలగించింది 2001లోనే. కేసు తేలేలోపు మధ్యంతర భరణం ఇప్పించే అధికారాన్నీ, ఆ దరఖాస్తును సాధ్యమైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలన్న నియమాన్నీ అదే సవరణ చేర్చింది. విడాకులు పొందిన ముస్లిం మహిళకూ ఈ సెక్షన్ కింద భరణం దక్కుతుందని చెప్పిన 1985 నాటి షాబానో తీర్పు మధ్యలో వచ్చింది. అక్కడ హైకోర్టు ఖరారు చేసిన మొత్తం నెలకు 179 రూపాయల 20 పైసలు మాత్రమేనన్న సంగతి, ఆ తీర్పు రేపిన రాజకీయ దుమారంలో చాలామంది మరిచిపోయారు. విడాకులు పొందిన ముస్లిం మహిళల కోసం విడిగా తెచ్చిన 1986 చట్టం తరువాత కూడా వారికి ఈ సెక్షన్ వర్తిస్తుందా అన్న వివాదం దశాబ్దాల పాటు నలిగింది. చివరికి తెలంగాణ నుంచి వెళ్లిన అప్పీలులోనే సుప్రీంకోర్టు 2024 జూలై 10న, వర్తిస్తుందని తేల్చి చెప్పింది.

ఇక అసలు విషయమైన ఉల్లంఘన సంగతి. సెక్షన్ 125లోని మూడవ ఉపసెక్షన్ ప్రకారం, తగిన కారణం లేకుండా భర్త చెల్లించకపోతే, జరిమానాల వసూలుకు నిర్దేశించిన రీతిలోనే మేజిస్ట్రేటు వారెంట్ జారీ చేయవచ్చు. చరాస్తులను జప్తు చేసి అమ్మించవచ్చు. భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని కలెక్టరుకూ వారెంట్ పంపవచ్చు. వారెంట్ అమలు చేసిన తరువాత కూడా మిగిలిపోయిన ఒక్కో నెల భరణానికి ఒక నెల వరకు, లేదా ఆలోపే చెల్లిస్తే చెల్లించేవరకు, జైలుశిక్ష విధించవచ్చు. భార్య తనతో కాపురం చేస్తే పోషిస్తానని భర్త ముందుకొచ్చినా, ఆమె నిరాకరణకు న్యాయమైన కారణాలు ఉన్నాయని మేజిస్ట్రేటు భావిస్తే ఆ ప్రతిపాదన వసూలును ఆపదు. ఉద్యోగం లేదన్న వాదన తరచుగా వినిపిస్తుంది గానీ, ఆరోగ్యంగా ఉన్న మనిషి శారీరక శ్రమ చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని సుప్రీంకోర్టు 2022లో మరోసారి స్పష్టం చేసింది.

ఈ జైలు దేనికన్న విషయంలోనే ఎక్కువ అపోహ ఉంది. నెల రోజులు లోపల ఉండి వస్తే లెక్క సరిపోతుందని నమ్మే భర్తలు ఉన్నారు. అలా సలహా ఇచ్చే పెద్దమనుషులూ ఉన్నారు. కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 1980ల చివరలోనే ఈ భ్రమను తొలగించింది. నిర్బంధం చెల్లింపు కోసం తెచ్చే ఒత్తిడే తప్ప చెల్లింపుకు ప్రత్యామ్నాయం కాదని, శిక్ష అనుభవించినా బకాయి అణా పైసలతో సహా అలాగే ఉంటుందని చెప్పింది. డబ్బు చేతికి అందితే తప్ప బాధ్యత తీరదు. అయితే ఒకే దరఖాస్తులో పన్నెండు నెలల బకాయి చూపితే పన్నెండు నెలల శిక్ష వేయవచ్చా అన్నది వేరే ప్రశ్న. శిక్ష ఒక నెలకు మించరాదని, ఆ తరువాత కూడా చెల్లించకపోతే భార్య మళ్లీ కోర్టుకు రావచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని సెక్షన్‌లోని ‘ఒక్కో నెల’ అన్న మాటలతో ఎలా పొసగించాలన్న విషయంలో హైకోర్టులు భిన్నంగా నడిచాయి. ఈ అనిశ్చితి వల్ల నష్టపోయేది, ప్రతిసారీ వకీలు ఫీజు కట్టుకుని కొత్త పిటిషన్ వేయవలసిన భార్యే.

మరో చిక్కు గడువుది. బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఈ సెక్షన్ కింద వారెంట్ రాదు. భర్త నెలలో ఇస్తాడు, పండగకు ఇస్తాడు అని ఎదురుచూస్తూ గడువు దాటించుకున్నవారిని కింది కోర్టులు వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఈ పరిమితి త్వరితగతి వసూలు పద్ధతికి సంబంధించినదే గానీ భరణం హక్కును హరించదని, సాధారణ సివిల్ మార్గంలో ఆ మొత్తాన్ని రాబట్టుకునే దారి ఉంటుందని 2013లో సుప్రీంకోర్టు వివరించింది. గడువులోగా పిటిషన్ వేసి ఉంటే, ఆ తరువాత పడిన బకాయిలకు ప్రతిసారీ కొత్తది వేయనక్కరలేదని 2005లోనే చెప్పింది.

సివిల్ మార్గానికి పదును ఎక్కువే. హిందూ వివాహ చట్టం కింద వచ్చిన భరణం ఆదేశాన్ని డిక్రీలా, అంటే సివిల్ కోర్టు తీర్పులా, అమలు చేయవచ్చు. మామూలు అప్పుల డిక్రీకి జీతంలో మొదటి వెయ్యి రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను ముట్టుకోకూడదు. భరణం డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 మూడింట ఒక వంతునే భర్తకు వదిలి మిగతాది జప్తు చేయనిస్తుంది. గృహహింస చట్టంలోని సెక్షన్ 20 కింద, మేజిస్ట్రేటు నేరుగా యజమానికే ఆదేశమిచ్చి జీతంలోంచి కోయించవచ్చు. ప్రభుత్వోద్యోగి విషయంలో ఇది జైలుకన్నా బాగా పనిచేస్తుంది. సొంత వ్యాపారం ఉన్నవాడి విషయంలో మాత్రం ఆదాయం ఎంతో తేలడమే గగనం.

ఆ లోటును పూడ్చడానికే 2020 నవంబరు 4న రజనేశ్–నేహ కేసులో జస్టిస్ ఇందు మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డిల ధర్మాసనం దేశంలోని కోర్టులన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు వెల్లడిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలి. భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కకట్టాలి. ఆదేశాన్ని డబ్బు డిక్రీలా జప్తు, సివిల్ నిర్బంధం వంటి మార్గాలతో అమలు చేయవచ్చు. భర్త తన వాదన వినిపించే అవకాశాన్నే తీసివేయడం మాత్రం, ఉల్లంఘన ఉద్దేశపూర్వకమని తేలినప్పుడు చివరి అస్త్రంగానే వాడాలని ధర్మాసనం జాగ్రత్త చెప్పింది.

తెలుగు కుటుంబాల్లో పెరుగుతున్న మరో సమస్య విదేశాల్లో ఉన్న భర్తది. అమెరికాలో జీతం తీసుకుంటున్న మనిషిపై విజయవాడ, హైదరాబాద్ కోర్టుల ఆదేశం అక్కడ నేరుగా అమలు కాదు. ఇక్కడి ఆస్తి మీద జప్తు, అరెస్టు వారెంట్ ఉన్న సందర్భంలో పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 10 కింద పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అవకాశం, ఇవే చేతిలో మిగిలేవి. రెండో మార్గం భారత పాస్‌పోర్టు ఉన్నవాడికే వర్తిస్తుంది.

2024 జూలై 1 నుంచి సెక్షన్ 125 స్థానంలో, కొత్త క్రిమినల్ విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 144 వచ్చింది. జరిమానా తరహా వసూలు, నెల జైలు, ఏడాది గడువు మూడూ అందులో యథాతథంగా కొనసాగుతున్నాయి.