‘ఒక్క చెంచాకి ఏటవుతాదమ్మా?’: పసిపిల్లల తీపిపై అపోహలు, వాస్తవాలు

మాఘమాసం, శ్రావణమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే నా సోమవారాలు ఎలా ఉంటాయో నాకు ముందే తెలుసు. ఆదివారం ఎవరింట్లోనో అన్నప్రాశనో, మొదటి పుట్టినరోజో అయి ఉంటుంది. తెల్లారేసరికి తల్లి బిడ్డను భుజాన వేసుకుని క్లినిక్‌కి వచ్చేస్తుంది. "రాత్రి నుంచి పాలు పట్టుకోవట్లేదు డాక్టరుగారూ, నాలుగుసార్లు నీళ్లలా వెళ్లింది" అంటుంది. నిన్న ఏం పెట్టారని అడిగితే తల్లి తల దించుకుంటుంది. పక్కనున్న నానమ్మే జవాబు చెబుతుంది: "ఏటీ పెట్టలేదమ్మా. ఒక్క చెంచా పరమాన్నం నాకించాం. ఒక్క చెంచాకి ఏటవుతాది?"

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఈ ప్రశ్న విన్నన్నిసార్లు ఇంకే ప్రశ్నా వినలేదు. తెలుగు ఇళ్లలో బారసాలప్పుడు వింటాను, ఒడియా ఇళ్లలో ఏకోయిశియా (ఇరవై ఒకటో రోజు వేడుక) అయ్యాక వింటాను. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: ఫంక్షన్‌లో ఒక్క చెంచాకి ఏమీ కాదు

ఒక్క చెంచాకి నిజంగానే ఏమీ కాదు. కానీ ఆ చెంచా పట్టుకునేవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టరు. ఒకసారి నేను లెక్కపెట్టాను.

మా తమ్ముడి కూతురి అన్నప్రాశన. పాతపట్నం నుంచి అత్తలు, పెద్దమ్మలు, మావయ్యలు అందరూ వచ్చారు. మేనమామ వెండి గిన్నెలోంచి మొదటి ముద్ద పెట్టాడు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. తర్వాత వరుస కట్టారు. ప్రతి ఒక్కరూ ఒకసారి నోటికి అందించడం, ఫొటో దిగడం. పాప రెండో చెంచాకి పెదాలు చప్పరించింది, పదో చెంచాకి మొహం తిప్పేసుకుంది. అయినా "నా చేత్తో తినలేదేమే బంగారం" అంటూ దవడ నొక్కి పెట్టినవాళ్లున్నారు. మొత్తం ముప్పై ఒక్కమంది. సాయంత్రం విప్పి పడేసిన పట్టుగౌను మెడ దగ్గర పాకంతో అట్టకట్టి ఉంది, దాని చుట్టూ చీమలు. డాక్టరునై ఉండి, మా పెద్దత్త ముందు నోరెత్తలేక నేనూ ఊరుకున్నాను. ఆ రాత్రంతా పాప ఏడ్చింది. ఆ తప్పు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. తలా అర చెంచా అనుకున్నా పదిహేను చెంచాలు దాటుతుంది, అంటే చిన్న టీ గ్లాసుడు పాయసం. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు కాకుండా పై ఆహారం నుంచి రోజుకు కావలసింది సుమారు 200 కేలరీలే. మొదటి రోజుల్లో పెట్టాల్సింది రెండు మూడు పెద్ద చెంచాల మెత్తటి అన్నం, పప్పు. అంత చిన్న పొట్టను పంచదార నింపేస్తే పాలు ఎక్కడ పడతాయి? పైగా చిక్కటి తీపి పేగుల్లోకి నీటిని లాగుతుంది, అందుకే నీళ్ల విరేచనాలు. నానమ్మగారు దాన్ని దిష్టి అంటారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పడుకోబెడతారు, ఈలోగా బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోతూ ఉంటుంది.

ఫంక్షన్ ఒక్కరోజే కదా అంటారు. రెండేళ్లలో ఎన్ని వస్తాయో వేళ్లు మడిచి చూడండి. అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, మొదటి పుట్టినరోజు, బంధువుల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, సంక్రాంతి, రథయాత్ర, దసరా. మార్గశిరంలో గురువారం గురువారం పక్కింటివాళ్లు పిలిచి పెట్టే ఖీరి, పిఠా. మధ్యలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు తెచ్చే రసగుల్లాలు, ఛెనాపోడ. నెలకు రెండు మూడుసార్లు తీపి అలవాటైన బిడ్డ పప్పన్నాన్ని ఉమ్మేస్తుంటే "మావాడు ఏదీ తినడు డాక్టరుగారూ" అని నా దగ్గరకు తెస్తారు. కొత్త కూరగాయ రుచి బిడ్డకు నచ్చాలంటే ఎనిమిది, పదిసార్లు పెట్టాల్సి రావచ్చు. తీపికి ఒక్కసారి చాలు, ఎందుకంటే ఆ ఇష్టంతోనే పుడతారు.

అపోహ: తీపి రుచి కూడా తెలియాలి కదా

తెలుసు. తల్లిపాలే తియ్యగా ఉంటాయి. వంద మిల్లీలీటర్లలో దాదాపు ఏడు గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. బిడ్డ చప్పరించిందంటే ఆకలేసిందనో, ఇంకా కావాలనో అనుకోకండి.

రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర కలిపినవేవీ వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లోనే చెప్పింది. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకు తీపి పానీయాలు అసలు పట్టవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా’ అనే పెద్దవాళ్లకు నేను ఇంకో సంగతి చెబుతుంటాను. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి చక్కెర రేషన్ 1953 సెప్టెంబరు దాకా సాగింది. రేషన్ రోజుల్లో కడుపులో పడి, మొదటి రెండేళ్లు ఆ కొద్దిపాటి చక్కెరతోనే పెరిగినవాళ్లను, రేషన్ ఎత్తేశాక పుట్టినవాళ్లతో పోల్చి చూశారు. పెద్దయ్యాక షుగర్ జబ్బు (టైప్ 2) వచ్చే ముప్పు సుమారు 35 శాతం, బీపీ ముప్పు 20 శాతం తక్కువగా కనిపించాయి. ఇది 2024లో వెలువడిన అధ్యయనం.

అపోహ: పాలపళ్లే, ఊడిపోయేవే

పోయిన నెల ఇరవై రెండు నెలల బాబును తెచ్చారు. అన్నం నమలడం లేదని కంప్లయింటు. పైపెదవి ఎత్తి చూశాను. ముందు పళ్లు నాలుగూ చిగురు దగ్గర గోధుమరంగులో కొరుక్కుపోయి ఉన్నాయి. బాబుకి నొప్పి. ఎలా నములుతాడు?

నోట్లో తీపి పడిన ప్రతిసారీ బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఇరవై, ముప్పై నిమిషాలపాటు పంటిని తింటుంది. కాబట్టి ఎంత పెట్టారన్నదానికంటే ఎన్నిసార్లు పెట్టారన్నదే ముఖ్యం. రెండు గంటల పుట్టినరోజు ఫంక్షన్‌లో పదిమంది పది చాక్లెట్ ముక్కలు పెడితే ఆ రెండు గంటలూ పళ్లకు ఊపిరాడదు. పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల వయసు దాకా ఉండాల్సినవి. ఇంట్లోనే చూసుకోండి: బిడ్డ పైపెదవి ఎత్తితే చిగురు పక్కన సుద్దలాంటి తెల్ల గీత కనిపిస్తే అది మొదలు. అప్పుడే పళ్ల డాక్టరుకి చూపిస్తే ఆపవచ్చు.

అపోహ: పంచదార కాదు, బెల్లమే కదా, తేనె అయితే మందే

బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా చక్కెరే. పటికబెల్లం, తాటిబెల్లం కూడా అంతే. అందులోని కాస్త ఐరన్ కోసం బిడ్డకు బెల్లం పెట్టనక్కర్లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, తినేవాళ్లయితే చేప, కోడి లివరు పెట్టండి.

తేనె సంగతి వేరు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. ఏడాది నిండని బిడ్డ నాలుక మీద తేనె చుక్క కూడా వద్దు. బారసాలకీ వద్దు, మాటలు బాగా రావాలనీ వద్దు. తేనెలో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. మరిగించినా అవి చావవు. పసిపేగుల్లో అవి మొలకెత్తి విషం విడుదల చేస్తే కండరాలు చచ్చుబడతాయి. ఇది అరుదైన జబ్బే, కానీ వస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఇప్పటికే నాకించి ఉంటే భయపడి ఏడవకండి, చాలామందికి ఏమీ కాదు. కొన్ని వారాలపాటు గమనించండి: మలబద్ధకం, ఏడుపు నీరసంగా రావడం, పాలు సరిగా చీకలేకపోవడం, కనురెప్పలు వాలిపోవడం. ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి తేనె పెట్టిన సంగతి దాచకుండా చెప్పండి.

మిగతావి గబగబా. తీపి తింటే కడుపులో పురుగులు పుడతాయనేది తప్పు. నులిపురుగుల గుడ్లు మట్టి నుంచి, కడగని చేతుల నుంచి వస్తాయి. పండ్ల రసం పండుతో సమానం కాదు. ఏడాదిలోపు రసం వద్దు, పండు మెదిపి పెట్టండి. గ్లూకోజు బిస్కెట్టు పాలలో నానబెడితే బలమైన ఆహారం అయిపోదు, అందులో పావు వంతు దాకా చక్కెరే. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా అనే పిండిలోనూ పంచదార ఉంది కదా అని అడుగుతారు. ఉంది, కానీ గోధుమ, శనగ, వేరుశనగ కూడా ఉన్నాయి. దాన్ని మానేయకండి, దాని మీద ఇంకో చెంచా పంచదార మాత్రం వేయకండి. ఇక నిన్న ఎవరో లడ్డూ ముక్క పెట్టేశారు, మా పాపకు షుగర్ వస్తుందా అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసే తల్లులూ ఉన్నారు. రాదమ్మా. పిల్లలకు వచ్చే టైప్ 1 షుగర్ తీపి తినడం వల్ల రాదు. నోరు తుడిచి, పాలిచ్చి పడుకోండి.

కోడలు వద్దంటే గొడవ కదా

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. నిండు సభలో అత్తగారి అక్క చేతిని ఆపమని ఇరవై మూడేళ్ల అమ్మాయికి నేనెలా చెప్పను? అందుకే ఫంక్షన్‌కి వారం ముందే అత్తగారిని తీసుకురమ్మంటాను. నివేదనకు పరమాన్నం మామూలుగానే వండుకోండి, బిడ్డకు మాత్రం వేరే చిన్న గిన్నెలో పాలల్లో మెత్తగా ఉడికిన అన్నం, బాగా మెదిపిన అరటిపండు, చుక్క నెయ్యి. ముద్దలు మేనమామవీ, తాతయ్యలవీ, అమ్మమ్మ, నానమ్మలవీ, అంతే. మిగతావాళ్లు అక్షింతలు వేస్తారు. బిడ్డ తండ్రి ఒళ్లో ఉండాలి. ఎవరైనా చెంచా తెస్తే ఆయనే చెప్పాలి, "డాక్టరమ్మ వద్దంది" అని. ఆ నిందను సంతోషంగా మోస్తాను.

మొన్న కాశీనగర్ నుంచి వచ్చిన ఓ ముసలమ్మ ఇదంతా విని చాలాసేపు ఆలోచించింది. "మరి నా సరదా ఎలా తీరతాదమ్మా?" అంది. కోడలు నోట్లో పెట్టమన్నాను. తొమ్మిది నెలలు మోసి, ఆరు నెలలు పాలిచ్చిన పిల్లకి ఆ రోజు ఎవరైనా ఓ ముద్ద తినిపిస్తున్నారా అని అడిగాను. ఫంక్షన్ అయ్యాక ఫొటో నాకు పంపించింది. పాప పిడికిట్లో అరటిపండు ముక్క, కోడలు నోటి నిండా పరమాన్నం, కళ్లల్లో నీళ్లు.